నెరిమాన్ గారి భయం

1986 సెప్టెంబరు 15వ తేదీ, సోమవారం ఉదయం, కైసెరి నగరంలోని మన శిశు ఆరోగ్య పరిశోధనాలయంలో సహాయ రసాయన శాస్త్రవేత్తగా శ్రీమతి నెరిమాన్ సరితాష్ గారు బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి నేటి వరకు, ముప్పై తొమ్మిది సంవత్సరాల పాటు, ఈ సంస్థకు ఆమె అందించిన సేవలను స్మరించుకుంటూ వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని మిత్రులు నన్ను ఆదేశించారు. ఆమె విద్వత్తును గురించి, క్రమశిక్షణను గురించి, సహనాన్ని గురించి తక్కిన వ్యాసాలలో పెద్దలు రాస్తారు. ఆమె పక్క గదిలో కూర్చుని ఇన్నేళ్లూ మీటర్లు బిగించినవాణ్ణి కనుక నేను ఆమె భయాన్ని గురించి రాస్తాను. ఇందుకు ఆమె అనుమతి తీసుకోలేదు. అడిగితే భయపడి వద్దనేవారు.

ఎండబెట్టిన మాంసం వ్యాపారంలో పేరు మోసిన కుటుంబంలో జన్మించిన నెరిమాన్ గారు, దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్న తండ్రిగారి మాటను సున్నితంగా తోసిపుచ్చి, రాజధాని అంకారా వెళ్లి విద్యుత్ రసాయన శాస్త్రంలో డాక్టరేటు సంపాదించి, తిరిగి సొంత ఊరికే వచ్చారు. కైసెరి వాడు గాడిదకు రంగేసి దాని యజమానికే అమ్ముతాడని దేశమంతా మనల్ని ఆడిపోసుకుంటుంది కదా. నెరిమాన్ గారు ఆ జాతిలో వేరే శాఖ. తన ఇంట్లో పుట్టి పెరిగిన గాడిదను కూడా నాలుగుసార్లు కడిగి, రంగు దిగలేదని తేలాకే అది తనదేనని ఒప్పుకునే మనిషి. ఆ స్వభావం వల్ల తొలి రోజుల్లో ఆమెకు స్నేహితులకన్నా విసుక్కునేవారే ఎక్కువ.

ఆమె చేపట్టిన విద్య గురించి కుటుంబ సభ్యుల కోసం ఒక్క మాట. మన రక్తంలో తిరిగే ఇరవై రకాల అమైనో ఆమ్లాలలో ఏదో ఒక్కదాన్ని మాత్రమే గుర్తుపట్టే ఎంజైములు కొన్ని ఉన్నాయి. పెళ్లికి వెయ్యిమంది వచ్చినా తన అల్లుణ్ణి మాత్రమే పలకరించే అత్తగారి వంటివవి. అటువంటి ఎంజైమును ఎలక్ట్రోడు కొన మీద సన్నగా పూత పూసి, దాని మీద ఒక చుక్క వేస్తే, వెతుకుతున్న ఆమ్లం ఎంత ఉందో అంత మేరకు కరెంటు పుడుతుంది. ఆ కరెంటును అంకెగా చూపించే మీటరు నా వాటా. పూత పూయడం, పూసినదాన్ని బతికించుకోవడం నెరిమాన్ గారి వాటా. ఎంజైము చాలా సుకుమారమైన ప్రాణి. వేడికి చస్తుంది, పులుపుకు చస్తుంది, నిర్లక్ష్యానికి ముందుగా చస్తుంది. పండుగనాడు ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని పెద్దల చేతులు ముద్దాడటానికి బయలుదేరితే, ఆమె మొదట ఇక్కడికి వచ్చి ఫ్రిజ్ నడుస్తోందో లేదో చూసుకుని, ఆ తరువాతే అత్తవారింటికి వెళ్లేవారు. అత్తగారు దీన్ని చివరి వరకు క్షమించలేదని వినికిడి.

మొదటి పదేళ్లు పశువుల దాణాలో లైసిన్ ఎంత ఉందో చెప్పే ఎలక్ట్రోడ్ల మీద ఆమె కృషి చేశారు. ఆ పని మన సంస్థకు పేరు తెచ్చింది. కానీ ఆమె మనసు అక్కడ లేదు. ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని కరిగించుకోలేని బిడ్డలు మన నేలమీద పుట్టినంతగా మరెక్కడా పుట్టరని డాక్టర్లంటారు. మేనరికాలు మనకు అలవాటు, కాదనలేం. పుట్టినప్పుడు ఆ బిడ్డ చందమామలా ఉంటుంది. తల్లి పాలలోనే ఉన్న ఆ ఆమ్లం రోజురోజుకూ రక్తంలో పేరుకుని, మెదడును మెల్లగా మాడ్చేస్తుంది. మొదటి వారాల్లోనే కనిపెట్టి ప్రత్యేకమైన పాలపొడి మీద పెంచితే ఆ బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది, పెళ్లాడుతుంది. ఆ వారాలు దాటిపోతే పోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. మడమ మీద గుచ్చి, రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి రాజధానికి పంపే పద్ధతి మంచిదే. మంచు పడి దారులు మూసుకుపోతే ఆ కాగితం ఏ కొండమీదో ఆగిపోతుంది. కనుక బిడ్డ పక్కనే కూర్చుని నిమిషాల్లో అంకె చెప్పే, ఎలక్ట్రోడు పొదిగిన పట్టీ కావాలని నెరిమాన్ గారు పట్టుబట్టారు, సాధించారు కూడా.

2007 శీతాకాలంలో మన పట్టీలు, మీటర్లు తొలిసారిగా కొండ గ్రామాలకు వెళ్లాయి. నర్సు సఫీనాజ్ గారు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసి అంకెలను ఫోనులో చెప్పేవారు. ఏ ఒక్క బిడ్డకూ ఎక్కువ రాలేదు. నాటి సంచాలకులు రిఫ్కీ గారు సంతోషం పట్టలేక బక్లావా మిఠాయి తెప్పించి అందరినీ పిలిచారు. మేమందరం తింటున్నాం. నెరిమాన్ గారు పళ్లెం ముట్టలేదు, అంకెలున్న కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏమైందని నేనడిగితే మెల్లగా చెప్పారు.

“ఇవి మరీ తక్కువగా ఉన్నాయి తహ్సీన్. కరాగెచిత్ ఊరి పాపది చూడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి ఉండాల్సిందాంట్లో సగం కూడా లేదు. ఇంత తక్కువతో ఏ బిడ్డా బతకదు. అంటే చచ్చింది మన ఎంజైము.”

నేను చేతిలో ముక్కను పళ్లెంలో పెట్టేశాను. ఎంజైము చచ్చిన పట్టీకి రోగమున్న బిడ్డకూ లేని బిడ్డకూ తేడా తెలియదు. అందరూ బాగున్నారనే చెబుతుంది. చావు కబురు చెప్పే యంత్రానికి భయపడతాం గానీ, శుభవార్తలు చెప్పే యంత్రానికి భయపడాలని నాకు ఆ రోజు వరకు తెలియదు. రిఫ్కీ గారు మాత్రం, కాకి పిల్ల కాకికి ముద్దంటారు, మీ పిల్లని మీరే తిడతారేమిటమ్మా అని నవ్వేశారు.

మిగిలిన పట్టీలను ఆమె పరీక్షించారు, సరిగ్గానే పలికాయి. చలికి చచ్చిందేమోనని కొన్నింటిని బయట మంచులో పాతిపెట్టి తీశారు, అవీ సరిగ్గానే పలికాయి. కారణం దొరికితే భయం సగం తగ్గుతుంది. దొరకలేదు. ఆ రెండు రోజులూ ఆమె ముఖం చూడటానికే నాకు జంకుగా ఉండేది. కరాగెచిత్‌కు దారి మూసుకుపోయింది, కాగితం మీద ఆరబెట్టిన చుక్కలు అక్కడి ఆరోగ్య కేంద్రంలోనే పడి ఉన్నాయి. మూడు వారాలు కూడా నిండని ఆ పాప అసూదె, ఏ అడ్డూ లేకుండా తల్లి పాలు తాగుతోంది. ఆ ఇంట్లో అంతకుముందే ఒక పిల్లవాడు ఉన్నాడని, ఏడేళ్లొచ్చినా మాట రాలేదని సఫీనాజ్ గారు ఫోనులో అన్న మాట వినగానే నెరిమాన్ గారు కోటు తొడుక్కున్నారు. మీటరు నాది కనుక నేనూ వెంట వెళ్లాను. బయలుదేరే ముందు ఆమె పిల్లల ఆసుపత్రి డాక్టరుగారిని బతిమాలి ప్రత్యేక పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. భయపడే మనిషి ఖాళీ చేతులతో బయలుదేరదు.

మంచు తోసే బండి వెనకాల మా జీపు నడిచింది. ఒక పక్క కొండ, మరో పక్క ఏముందో కనిపించని తెలుపు. దారంతా ఆమె డబ్బా మూత మీద వేళ్లతో రాస్తూ కూర్చున్నారు. నాకేమో బండి లోయలోకి జారుతుందని భయం. ఆమెకు ఆ భయం ఉన్నట్టు లేదు. అంతకన్నా పెద్దది ఉంటే చిన్నది ఎక్కడ నిలుస్తుంది?

కరాగెచిత్‌లో ఆ ఇల్లు ఊరి చివర. నానమ్మ జుల్ఫియే గారు తలుపు తీశారు. లోపల పొయ్యి దగ్గర ఆ మాట రాని పిల్లవాడు యూనుస్ కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఆ కొండల్లో ఎవరికీ లేని పసుపు జుట్టు, పాలిపోయిన ఒళ్లు. గదిలో ఎలుకల వాసన వంటిది ఒకటి సన్నగా తగిలింది. ఆ రోగమున్న పిల్లల ఒంటి నుంచి ఆ వాసనే వస్తుందని నేను పుస్తకాల్లో చదివాను, ముక్కుతో చదవడం అదే మొదలు. నెరిమాన్ గారు నా వైపు చూశారు.

కూర్చున్నామో లేదో, ఏ ఇంట్లోనైనా జరిగే మర్యాదే జరిగింది. జుల్ఫియే గారు అతిథుల చేతుల్లో పోసే నిమ్మ కొలోన్ సీసా తెచ్చి నిలబడ్డారు. నెరిమాన్ గారు అలవాటు కొద్దీ దోసిలి పట్టారు. చల్లటి కొలోన్ అరచేతుల్లో పడింది, సారా ఘాటు గదంతా లేచింది. రెండు చేతులూ రుద్దుకోబోయి ఆమె అలాగే ఆగిపోయారు.

“నర్సమ్మ వచ్చినప్పుడు కూడా పోశారా పెద్దమ్మా?”

“పొయ్యకుండా ఉంటానా? మేమేమన్నా అంత గతిలేనివాళ్లమా? పాపం, మంచులో నడిచొచ్చింది. సబ్బుతో కడుక్కున్నానంటున్నా వినకుండా రెండుసార్లు పోశాను.”

“పాప కాలికి?”

“కాలికి పొయ్యకుండా సూది గుచ్చుతారా ఎవరన్నా? పాదం మొత్తం తడిపాను. కొలోన్ తగిలితే ఏ పురుగూ బతకదమ్మా.”

ఆ మాట నిజమే, అందులోని సారాకు ఎంజైము కూడా బతకదు. మన ప్రయోగశాలలో వందలసార్లు పట్టీని పరీక్షించాం. వేడిలో, చలిలో, పాత రక్తంతో, కొత్త రక్తంతో. కానీ ప్రయోగశాలకు ఎవరూ అతిథిగా రారు కదా. నర్సును తప్పు పట్టడానికి లేదు, పెద్దావిడను అంతకన్నా లేదు. పట్టాలంటే బస్సెక్కిన ప్రయాణికుడి చేతుల్లో కూడా కొలోన్ పోసే దేశం మొత్తాన్నీ పట్టాలి.

నెరిమాన్ గారు లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నారు. పెద్దావిడ ముఖం మాడిపోయింది. మర్యాదగా పోసినదాన్ని ఆమె కళ్లముందే కడిగేసుకోవడం మన దగ్గర చిన్న అవమానం కాదు. పాపకు మళ్లీ పరీక్ష చేస్తామనగానే ఆ కోపం బయటికి వచ్చింది.

“మొన్న బాగుందన్నారు. ఇవాళ మళ్లీ గుచ్చుతానంటున్నారు. మీ మిషన్‌కి బుద్ధి నిలకడ లేదా, మీకు లేదా?”

పక్క మీద ఉన్న కోడలు గులెందెర్, తలకు బాలింతరాలి ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల, లేచి కూర్చుంది. యూనుస్ వైపు చూస్తూ అన్నది.

“గుచ్చనీ అత్తా. వాడికి ఎవరూ గుచ్చలేదు.”

సబ్బు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మొదటి చుక్కను తుడిచేసి, రెండో చుక్కను పట్టీకి అందించారు. మీటరు నా చేతిలో ఉంది. అంకె ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. అక్కడ ఆగలేదు. ఎక్కింది, ఎక్కింది, చూపించగలిగినంత చూపించి, ఇక నా వల్ల కాదని అడ్డగీతలు వేసింది. నా జీవితంలో నేను తయారు చేసిన ఏ వస్తువునూ నేను అంతగా అసహ్యించుకోలేదు. నెరిమాన్ గారు ఇంకో పట్టీ వేశారు. మళ్లీ అవే గీతలు.

“యూనుస్‌లాగానా?” అని అడిగింది గులెందెర్.

“జబ్బు అదే.”

“ఆలస్యమైపోయిందా మేడమ్?”

“తెలియదమ్మా,” అన్నారు నెరిమాన్ గారు. “నాకూ భయంగానే ఉంది. అందుకే ఇప్పుడే బయల్దేరాలి.”

అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం తేలిక. ఆమె ఇవ్వలేదు. తల్లి ఏడవలేదు, లేచి పాపను చుట్టడం మొదలుపెట్టింది. జుల్ఫియే గారు గడపకు అడ్డంగా నిలబడ్డారు. నలభై రోజులు వెళ్లని బాలింత గడప దాటితే తల్లికీ బిడ్డకూ గాలి సోకుతుందని, ఆ ఇంట్లో ఎప్పుడూ అలా జరగలేదని ఆమె పట్టు. నెరిమాన్ గారు వాదించలేదు. యూనుస్‌ను చూపించలేదు. ఆమె చేసిందల్లా ఆసుపత్రి డాక్టరుగారికి ఫోను చేసి, ఆయన చెప్పిన కొలత ప్రకారం పాలపొడి కలిపి, సీసాను పెద్దావిడ చేతికే ఇచ్చి, మీరే పట్టండి అనడం. పాప ఆ చేదు పాలను మొదట ఉమ్మేసింది, తరువాత ఆకలికి తాగింది. తల్లి పక్కకు తిరిగి, పాలతో తడిసిన రవికె మీద శాలువా లాక్కుంది. అది చూసి పెద్దావిడ అడ్డు తొలగారు. తొలగి ఊరుకోలేదు, కోడలికి గాలి సోకకుండా చూడటానికి తానూ జీపెక్కారు.

ఆసుపత్రిలో జబ్బు నిర్ధారణ అయింది, చికిత్స మొదలైంది. మరునాడు సంచాలకుల గదిలో సమావేశం. పత్రికలవాళ్లకు తెలిస్తే సంస్థ పరువు గంగలో కలుస్తుందని, ఒక్క బిడ్డ విషయమే కనుక నెమ్మదిగా సర్దుకుందామని రిఫ్కీ గారు అభిప్రాయపడ్డారు. నెరిమాన్ గారు కూర్చోకుండానే జవాబిచ్చారు. “ఒక్క బిడ్డ కాదండీ. మనం బాగున్నారని చెప్పిన బిడ్డలందరూ. వాళ్లందరినీ మళ్లీ చూసేదాకా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను.” ఆ శీతాకాలమంతా మంచులో తిరిగి ప్రతి బిడ్డనూ మళ్లీ పరీక్షించారు. దైవకృప, ఇంకెవరికీ జబ్బు లేదు. ఆ వసంతంలోనే ఆమె పట్టీ మీద రెండో మచ్చ ఒకటి చేర్చారు. అదే ఎంజైము, పక్కనే ముందే కొలిచి పెట్టిన ఫినైల్‌అలనైన్. రక్తం తగలగానే ఆ మచ్చ పలకవలసినంత పలకకపోతే ఎంజైము చచ్చిందని అర్థం, మీటరు అంకె చూపించదు. నేడు మన పట్టీలు పన్నెండు రాష్ట్రాల్లో నడుస్తున్నాయంటే ఆ మచ్చ చలవే. దాన్ని మన ప్రయోగశాల కుర్రకారు “మేడమ్ గారి భయం” అని పిలుస్తారు, ఆమెకు తెలియదనుకుంటారు.

తదనంతర కాలంలో విభాగాధిపతిగా, ఎందరో పరిశోధకులకు మార్గదర్శకురాలిగా ఆమె అందుకున్న గౌరవాలు ఈ సంచికలో వేరేచోట ఉన్నాయి. నేను చూసినది ఒకటుంది. అసూదె రక్తపరీక్షకు నగరానికి వచ్చిన ప్రతిసారీ నెరిమాన్ గారు తానే చేసేవారు. మొదటి మాట ఎప్పుడు పలికింది, నడక ఎప్పుడు వచ్చింది, బడిలో టీచరు ఏమంటున్నారు అని తల్లిని అడిగి, జవాబు వచ్చేలోపు బల్ల అంచు గట్టిగా పట్టుకునేవారు. అన్నీ సమయానికే వచ్చాయి. అయినా ఆమె ఊరట చెందలేదు. మన తప్పుడు అంకెను నమ్మి తాగిన పాలు ఆ పిల్ల తలలో ఎక్కడో ఒక చిన్న దీపాన్ని ఆర్పి ఉంటాయని, అది ఏ రోజు బయటపడుతుందోనని ఆమె భయం. ఆ లెక్క తేల్చే ఎలక్ట్రోడు లేదు. డాక్టర్లు కూడా చెప్పలేరు.

ఈ వేసవిలో అసూదె వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, గలగలమంటుంది, ఎవర్నీ లక్ష్యపెట్టదు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో లెక్కల్లో బొత్తిగా మార్కులు రాలేదని, చరిత్రలో మాత్రం బాగా వచ్చాయని చెప్పింది. నెరిమాన్ గారి చేయి పట్టీ మీద ఆగిపోయింది. ఆ పిల్లకు తన కథ తెలుసు, వాళ్ల నానమ్మ దాచేరకం కాదు. సూటిగా అడిగింది.

“నాకు లెక్కలు రాకపోవడం అందువల్లేనా ఆంటీ? ఆ మొదటి వారాల వల్ల?”

నేను పక్క గదిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి, తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వచ్చాను. ఇన్నేళ్లుగా ఆమె ఎదురుచూస్తూ భయపడిన ప్రశ్న అదే.

“నాకు తెలియదమ్మా,” అన్నారు నెరిమాన్ గారు. “అయ్యుండొచ్చు. నాకు పద్దెనిమిదేళ్లుగా అదే భయం.”



“మా నాన్నకీ రావు,” అన్నది అసూదె. “ఆయనకి ఏ జబ్బూ లేదు. గొర్రెలు లెక్కపెట్టమంటే మూడుసార్లు మూడు రకాలుగా చెబుతాడు. మీరు దానికి కూడా భయపడతారా?”

నెరిమాన్ గారు నవ్వారు. ఆ పిల్ల రక్తం తాలూకు అంకె ఇంకా రాకముందే ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. తరువాత ఆ నవ్వులోనే ఏడ్చారు. అసూదె దూదితో తన వేలే తుడుచుకోవాలో, మేడమ్ గారి కళ్లే తుడవాలో తెలియక నావైపు చూసింది.

గౌరవనీయులైన నెరిమాన్ గారూ, ఈ నెలాఖరున మీరు ఈ గది తాళాలు, ఫ్రిజ్ తాళాలు, నా దగ్గర ఎప్పుడో తీసుకున్న చిన్న పటకారు వగైరాలు నిబంధనల ప్రకారం అప్పగించి వెళ్తారు. మీకు పరిపూర్ణమైన ఆరోగ్యం, కుటుంబ సభ్యుల మధ్య ప్రశాంతమైన జీవితం, వందేళ్లు దాటిన ఆయుష్షు కలగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ప్రార్థిస్తున్నాను. నిద్ర కూడా కలగాలి. శుభవార్త వినగానే తెల్లబోయే ఆ అలవాటును ఇంటికి తీసుకువెళ్లకండి, అక్కడ మనవలు భయపడతారు. ఆ భయం సంస్థ ఆస్తి. దయచేసి దాన్ని మాకు అప్పగించి వెళ్లండి, మళ్లీ మంచు పడేలోపు మాకు దాని అవసరం ఉంది.

తహ్సీన్
పరికరాల విభాగం